తరుగు

ఆదివారం బాదేపల్లి యార్డుకు సెలవు,
కాంటాకు లేదు.
పాలమూరు స్టేడియంల వాళ్ల మిషిను చెడిపోయిందని
మా కాంటాను ఆటోల ఎక్కిచ్చి
దాని ఎంట నన్ను పంపిండ్రు.
ఇరవై ఆరేండ్ల దడవాయిని.
పల్లికాయ, మక్కలు, వడ్లు తప్ప
మనుషులను తూచి ఎరుగ.

ఆడపిల్లల కుస్తీ, యాభై కిలోల జట్టు.
నిన్న పగటి నుంచి నీళ్లు ముట్టలేదట.
ఒకామె బాటిల్ల ఉమ్ముతుంది,
ఉమ్మి కూడ బరువేనట.
ఇంకొకామె స్వెటర్ మీద రెయిన్‌కోటు తొడుక్కొని
గ్రౌండు చుట్టు ఉరుకుతుంది
మే నెల ఎండల.

ముందుగాల నవ్వొచ్చింది.
మా దగ్గర తేమ ఉందని
బస్తాకు రెండు కిలోలు తరుగు తీస్తడు సేటు,
ఆరబెట్టుకొని రా పో అంటడు.
ఇక్కడ ఎవరూ అనకముందే
పిల్లలు తమను తాము ఆరబోసుకుంటున్నరు.

కావలి నర్మద, మిడ్జిల్.
యాభై మీద రెండు వందల గ్రాములు.
పట్టగొలుసులు ఇప్పింది: వంద.
అమ్మమ్మ కట్టిన తాయెత్తు
పండ్లతోని కొరికి తెంపింది.
కాంటా కదల్లేదు.
అప్పుడు నా మొకం చూసింది.

కాంటా పలక కింద బొటనవేలు ఎట్ల ఆనిచ్చి లేపాల్నో
నా కాలుకు తెలుసు.
లేపిన కూడ, అబద్ధమెందుకు, సేటు కోసం.
తక్కువ చూపిచ్చుడే నా విద్య.
కానీ తక్కువ చూపియ్యమని
తూగే సరుకే అడిగింది
ఇదే మొదటిసారి.

వేలు కదిలింది.

ఎందుకో అన్న యాదికొచ్చిండు.
మా ఊరి జాతరల కొబ్బరికాయ కుస్తీలు అయిపోయి
వెండి కడెం కుస్తీకి పిలుస్తుండ్రు.
అన్న వడ్ల బస్తాకంటె తక్కువ,
గద్వాల నుంచి వచ్చిన పైల్వాను ఇద్దరన్నలంత.
మట్టిల కాంటా లేదు.
పౌరుషానికి తూకమేందిరా అని ఈలలేసిండ్రు,
ఏసినోళ్లల నేనొకణ్ని.
అన్న ఎడమచెయ్యి ఇప్పటికి
తలకు నూనె రాసుకోనీకె లేవది.

వేలు దించిన.
“ఉరికి రా బిడ్డా, ఇంకా అరగంట ఉంది.”
ఉరికొచ్చింది. యాభై, సున్నా.
దిగి, గోడకు కూలబడి,
గ్లూకోజు బాటిలు ఎత్తింది ఎత్తినట్టే.

ముడావత్ రోజా అని అచ్చంపేట హాస్టల్ పిల్ల,
పొద్దుగాల చాయ తాగి, బన్ను తిని,
చెప్పులతోనే ఎక్కి
నలభై తొమ్మిదిన్నర తూగి పోయింది.
తెల్లారి వీళ్లిద్దరికే జోడు కట్టిండ్రు.

రాత్రి క్యాంటీన్ల నర్మద మూడోసారి అన్నం పెట్టిచ్చుకుంటుంది.
నా కన్ను బస్తాను బండి మీదనే తూస్తది.
“మామా, ఇప్పుడెంతుంట?”
“యాభై మూడున్నర.”
“కాంటాకు చెప్పకు” అని నవ్వింది.
పెదవి పగిలి రక్తమొచ్చింది, నాకి, మల్ల నవ్వింది.

రాత్రంతా నీళ్లు చల్లి పత్తి తెచ్చినోన్ని
మేం దొంగ అంటం.
ఈ పిల్లను ఏమనాల్నో
నాకు తెల్వలే.
కాంటా అయితే అబద్ధమాడలే,
నిన్నటి మాట నిన్న చెప్పింది.
అన్నకూ పైల్వానుకూ నడుమ నలభై కిలోలు,
వీళ్లకు నాలుగు.
నలభైని నాలుగు చేసింది చిన్న సంగతా?
ఆ నాలుగు రోజా భుజం మీదనే కదా పడేది.

ఎవరు గెలిచిండ్రో చూడలేదు.
సోమవారం, ఏడింటికే యార్డుల ఉండాలె.

వడ్ల కుప్పల నడుమ కాంటా దించి తుడుస్తుంటే
పలక సందుల ఇరుక్కొని తాయెత్తు,
నల్లదారం, పంటిగాటు.
పలక మీద పెట్టి చూసిన.
సున్నా.
మల్ల ఒకసారి పెట్టిన.
“ఏం తూస్తున్నవ్ రా పొద్దుగాలనే,” సేటు కేకేసిండు,
“తేమ ఉంది, రెండు కిలోలు కొట్టెయ్.”